శక్మానికి క్రియ ఏది? విద్యుత్ భావనల బోధన, తెలుగు శాఖల మౌనం

విద్యుత్తు గురించి విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో పాతుకుపోయిన అపార్థాలు భౌతికశాస్త్ర శాఖలు చూసుకోవలసిన వ్యవహారమని తెలుగు శాఖలు చాలాకాలంగా భావిస్తున్నాయి. మాతృభాషలో బోధన జరగాలని మనం చేసే తీర్మానాలకు కొదవ లేదు. తెలుగులో ఆలోచించే విద్యార్థి ఓమ్ నియమాన్ని ఏ మెట్టు దగ్గర తప్పుగా పట్టుకుంటున్నాడు, ఆ తప్పులో తెలుగు వాక్యానికి పాత్ర ఎంత అని పరిశీలించే పని మాత్రం మనది కాదనుకున్నాం. ఆ పని మనదేనని ఈ వ్యాసంలో నా వాదం. పారిభాషిక పదాలు కల్పిస్తే బాధ్యత తీరిందనే నమ్మకం ఒకటి, ఆంగ్ల మాధ్యమం వచ్చింది కనుక ఇక బాధ్యతే లేదనే నమ్మకం మరొకటి మనలో వ్యాపించి ఉన్నాయి. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు నమ్మకాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి: భావన పదంలో ఉంటుందని, పదం మారితే భావన కూడా మారుతుందని రెండూ అనుకుంటున్నాయి.

సమస్య స్వరూపం తెలియడానికి ఒక ప్రశ్న చాలు. ఒకే రకమైన బల్బులు ఐదు, ఒకే రకమైన బ్యాటరీలు మూడు ఉన్నాయి. మొదటి బ్యాటరీకి ఒక్క బల్బును కలిపారు. రెండోదానికి రెండు బల్బులను శ్రేణిలో, మూడోదానికి రెండు బల్బులను సమాంతరంగా కలిపారు. ఐదు బల్బులనూ వెలుగును బట్టి వరుసలో పెట్టాలి. లెక్క చేయనక్కరలేదు, సూత్రం గుర్తుండనక్కరలేదు. ఒంటరి బల్బు, సమాంతరంగా ఉన్న రెండు బల్బులు సమానంగా వెలుగుతాయి. శ్రేణిలోని రెండూ ఒకదానితో ఒకటి సమానంగా, కానీ మిగిలినవాటికంటె మసకగా వెలుగుతాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌డెర్మట్, షాఫర్ 1992లో ప్రకటించిన పరిశోధనలో ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చిన విద్యార్థులు సుమారు 15 శాతం. విద్యుత్ పాఠం విన్నవారికీ విననివారికీ ఫలితంలో పెద్ద తేడా లేదు. చాలామంది శ్రేణిలోని మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుందని, రెండోదానికి మిగిలినదే అందుతుందని రాశారు. బ్యాటరీ దేనికి కలిపినా ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని మరికొందరు భావించారు. అంతకు ముందే, 1983లో, కోహెన్, ఐలాన్, గనియెల్ అనే ముగ్గురు పరిశోధకులు మరొక సంగతి గుర్తించారు. విద్యార్థుల మనసులో కరెంటే మూలం. పొటెన్షియల్ భేదం దాని పర్యవసానం. కారణాన్ని కార్యంగా, కార్యాన్ని కారణంగా తారుమారు చేసుకున్నారన్నమాట.

ఇవి ఆంగ్లమే ఇంటిభాషగా, బడిభాషగా ఉన్న తరగతుల్లోనూ కనిపించిన తప్పులు అన్న సంగతి మన చర్చల్లో ఎందుకు రాదో ఆలోచించాలి. వస్తే ఇరుపక్షాలకూ ఇబ్బందే. ఆంగ్లంలో చదివితే విజ్ఞానం సులభంగా వంటబడుతుందనేవారికి ఇది సూటి సమాధానం. మాతృభాషలో చెబితే చాలు, అన్నీ అవే అర్థమవుతాయనే మనకు కూడా ఇది మింగుడు పడదు. ఆ విద్యార్థులు తమ మాతృభాషలోనే చదివారు, అయినా అర్థం కాలేదు. కాబట్టి మాతృభాష ఏ విధంగా తోడ్పడుతుందో నిర్దిష్టంగా చూపవలసిన భారం మన మీదే ఉంది. ‘తల్లిపాలు’ అనే ఉపమానంతో ఆ భారం దిగదు.

కరెంటు అనే నానార్థపదం

తెలుగువాడి నోట ‘కరెంటు’ చేసే పనులు చూడండి. కరెంటు వచ్చింది. కరెంటు పోయింది. కరెంటు బిల్లు వచ్చింది. ఆ తీగలో కరెంటు ఉంది, ముట్టుకోవద్దు. ఏసీ కరెంటు బాగా లాగుతుంది. పిల్లవాడికి కరెంటు కొట్టింది. ఈ వాక్యాల్లో పదం ఒకటే, పదార్థం ఒకటి కాదు. మొదటి రెండింటిలో అది సరఫరా. బిల్లులో అది శక్తి. మనం డబ్బు కట్టే యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట, అది ప్రవాహానికి కొలమానం కాదు. ఏసీ లాగేది వాడుకలో ప్రవాహానికీ సామర్థ్యానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. కొట్టిన కరెంటు మాత్రమే భౌతికశాస్త్రం చెప్పే ప్రవాహం, శరీరం గుండా పోయినది.

ఇక ‘తీగలో కరెంటు ఉంది’ అన్న వాక్యం అన్నిటికంటె విచిత్రమైనది. దేనికీ కలపని, కొన వేలాడుతున్న తీగలో ప్రవాహం లేనే లేదు. ఉన్నది తీగకూ నేలకూ మధ్య 230 వోల్టుల పొటెన్షియల్ భేదం. ముట్టుకున్నవాడు ఆ రెంటికీ నడుమ దారి అవుతాడు, అప్పుడు ప్రవాహం మొదలవుతుంది. హెచ్చరికగా ఆ వాక్యం ప్రాణాలు కాపాడుతుంది, దానిని తప్పుపట్టే హక్కు ఏ పండితుడికీ లేదు. కానీ పన్నెండేళ్ళు ఆ వాక్యంతో పెరిగిన విద్యార్థి తరగతిలో ‘కరెంటు’ అన్న మాట వినగానే తీగలో నిండి, నిలిచి, మీట నొక్కగానే బయటికి వచ్చే ఒక వస్తువును ఊహించుకుంటాడు. కొళాయి తిప్పితే వచ్చే నీరు అతనికి నమూనా.

ఆ నీటి నమూనా కూడా మన నేలమీద ఒక ప్రత్యేక రూపం ధరించింది. కాలువ కింద సేద్యం చేసే కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థికి ప్రవాహం అంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువ లాంటిది. ఎగువవాడు వాడుకున్నాక దిగువకు తగ్గుతుంది, దారిలో ఇంకుతుంది, ఆయకట్టు చివరి భూములకు అందదు. ఇది తరాల అనుభవం, నూటికి నూరుపాళ్ళు నిజం. దీనిని పట్టుకుని బల్బుల ప్రశ్నకు జవాబు రాస్తే రెండో బల్బు మసకబారక తప్పదు. విద్యుత్ వలయం కాలువ వంటిది కాదు, సైకిలు చైను వంటిది. చైను ప్రతి లంకె ఒకే వేగంతో తిరుగుతుంది, ఎక్కడా ఖర్చు కాదు. కాలు పెట్టిన బలం చక్రానికి చేరుతుంది, చైను మాత్రం తిరిగి వస్తుంది. తొక్కగానే వెనుక చక్రం కదలడానికి లంకె పెడలు నుంచి చక్రం దాకా ప్రయాణించనక్కరలేదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగలో ఒక ఆంపియరు ప్రవాహం ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ల అపసర వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు మాత్రమే. నత్త అంతకంటె చాలా వేగంగా పోతుంది. అయినా మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ‘కరెంటు మెరుపు వేగంతో వస్తుంది’ అనుకునే విద్యార్థి ఈ రెండు వాస్తవాలనూ కలిపి ఎన్నడూ ఆలోచించడు. ఆలోచించమని ప్రశ్నపత్రం అడగదు.

వ్యాకరణ పరంగా జరిగినది ఇది. ‘ప్రవాహం’ భావార్థక నామం, ఒక క్రియకు పేరు. దానికి వచ్చు, పోవు, ఖర్చగు, మిగులు అనే క్రియలను తగిలించినప్పుడు అది ద్రవ్యవాచకంగా మారిపోతుంది. తరగతిలో ‘ప్రవాహం ప్రవహిస్తుంది’ అంటాం. నడక నడుస్తుందని మాత్రం అనం. మిషెలిన్ చీ వంటి బోధనా మనోవిజ్ఞానవేత్తలు విద్యార్థులు ప్రక్రియలను పదార్థాలుగా భావించడం ఈ అపార్థాలకు మూలమని 1990ల నుంచి వాదిస్తున్నారు. ఆ వాదం వారు మనోవిజ్ఞాన పరిభాషలో చేశారు. నామానికీ క్రియకూ మధ్య జరిగే ఈ జారుడును గుర్తించడానికి చిన్నయసూరిని చదివినవారికంటె అర్హులెవరు?

శక్మం కథ

పొటెన్షియల్ అనే ఆంగ్లపదానికి తెలుగులో ‘శక్మం’ అనే పదం కల్పించారు. రసాయనశాస్త్రం తెలుగులో చదివినవారికి ‘అయనీకరణ శక్మం’ అనే సమాసం గుర్తుండే ఉంటుంది. శక్ ధాతువు నుంచి వచ్చిన మాట, శక్తికి చుట్టం. కల్పనగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ అది జీవించలేదు. నేటి పదవ తరగతి, ఇంటర్ భౌతికశాస్త్ర పుస్తకాల్లో ‘పొటెన్షియల్ భేదం’ అనే మిశ్రమ సమాసమే రాజ్యం చేస్తోంది. దీనిని తెలుగు ఓటమిగా చెప్పి వాపోవడం ఒక ఆచారమైంది. నాకు అందులో ఓటమి కనిపించదు. శక్మం అన్నా పొటెన్షియల్ అన్నా విద్యార్థికి కలిగే ఊహ ఒకటే, అంటే ఏ ఊహా కలగదు. అదే అసలు నష్టం.

ఎందుకు కలగదు? కరెంటుకు డజను క్రియలు ఉన్నాయి, శక్మానికి ఒక్కటీ లేదు. శక్మం ఏం చేస్తుంది? వస్తుందా, పడుతుందా, నిలుస్తుందా, పంచబడుతుందా? మనం పదకోశం ఇచ్చాం, పదబంధం ఇవ్వలేదు. ‘అంటారు’తో ముగిసే నిర్వచన వాక్యంలో ఒక్కసారి ప్రవేశించి, ఆ వాక్యంతోనే ఆ పదం నిష్క్రమించింది. పదాన్ని వాక్యాల్లో తిప్పకుండా అది అర్థం కావాలని కోరడం నాణెం ముద్రించి పెట్టెలో దాచడం వంటిది.

తక్కిన పరిభాషలోనూ పరిశీలించవలసినవి ఉన్నాయి. ‘విద్యుచ్ఛాలక బలం’ నిజానికి బలం కాదు. దాని ప్రమాణం న్యూటన్ కాదు, వోల్టు. తప్పు ఆంగ్లంలోనిది, మనం దానిని సంధి నియమాలతో సహా భక్తిగా తెచ్చుకున్నాం. ‘ఆవేశం’ వీధిలో ఉద్రేకం, పుస్తకంలో కూలుంబులలో కొలిచే రాశి. దీనివల్ల పెద్ద హాని జరిగిందని నేననను, విద్యార్థులు ఈ రెంటినీ తేలిగ్గానే వేరుచేస్తారు. ‘సామర్థ్యం’, ‘శక్తి’ అన్నవాటి తేడా మాత్రం వేరుచేయరు. వాడుకలో రెండూ ‘పవరే’ కాబట్టి.

గుండా, మధ్య

ఆంగ్లంలో భౌతికశాస్త్ర అధ్యాపకులు ప్రవాహానికి ‘త్రూ’ అని, పొటెన్షియల్ భేదానికి ‘అక్రాస్’ అని వాడతారు. మన కళాశాలల్లో ఈ రెండు మాటలూ తెలుగు వాక్యంలోకి అలాగే వచ్చి పడతాయి: ‘రెసిస్టర్ అక్రాస్ వోల్టేజి ఎంత?’ అక్రాస్ అన్న మాట రోడ్డు దాటడానికి కూడా వాడతారు కనుక విద్యార్థికి అందులోనూ కదలిక ధ్వనిస్తుంది. వోల్టేజి కూడా ఆ నిరోధాన్ని దాటిపోయే ఒక వస్తువే అనిపిస్తుంది. ఈ ఒక్క చోట తెలుగు చేయగల మేలు చాలా పెద్దది. ‘గుండా’ అన్న విభక్త్యర్థకం ఒక నామాన్ని కోరుతుంది: బల్బు గుండా, తీగ గుండా. ‘మధ్య’ రెండింటిని కోరుతుంది: ఈ కొనకూ ఆ కొనకూ మధ్య, తీగకూ నేలకూ మధ్య. ఒకే బిందువును చెప్పి ‘మధ్య’ అంటే తెలుగు వాక్యం నిలబడదు. ‘అ బిందువు మధ్య వోల్టేజి’ అని తెలుగువాడు ఎవడూ అనడు. అంటే వినేవాడు ‘దేనికీ దేనికీ?’ అని అడుగుతాడు. భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఏడాది పొడుగునా అడగవలసిన ప్రశ్నను భాషే అడుగుతోంది.

అయితే మనం వాడేది ‘మధ్య’ కాదు, ‘లో’. తీగలో వోల్టేజి, బల్బులో వోల్టేజి, ప్లగ్గులో వోల్టేజి. ఆ సప్తమి దగ్గరే భావన జారిపోతుంది. కాబట్టి ‘వోల్టేజి’ని ‘శక్మభేదం’గా మార్చడం వల్ల కలిగే లాభం దాదాపు శూన్యం. ‘బల్బులో వోల్టేజి’ని ‘బల్బు రెండు కొనల మధ్య వోల్టేజి’గా మార్చడంలో భావన అంతా ఉంది. నామం ఆంగ్లానిదే అయినా ఆ వాక్యం తెలుగుది.

క్రియలను కూడా ఇలాగే ఏర్పరచవచ్చు. శ్రేణిలోని బల్బులు పొటెన్షియల్ భేదాన్ని పంచుకుంటాయి, ప్రవాహాన్ని పంచుకోవు. సమాంతర శాఖల్లో ప్రవాహం చీలుతుంది, మళ్ళీ కలుస్తుంది. పొటెన్షియల్ భేదం చీలదు. ‘పంచుకోవడం’ ఒకదానికి, ‘చీలడం’ మరొకదానికి ఖాయం చేసి ఆ క్రమం తప్పకుండా మాట్లాడితే 1845 నాటి కిర్కాఫ్ నియమాలు రెండూ విద్యార్థి నాలుక మీద ఉన్నట్టే. సూత్రం ఆ తర్వాత వచ్చి కూర్చుంటుంది.

ఈ క్రమశిక్షణ ఎక్కడా లేదనుకుంటే పొరపాటు. అబిడ్స్ నుంచి కోఠి వైపు వెళ్ళే దారిలో ట్రూప్ బజార్ ఉంది. తీగలు, స్విచ్చులు, మీటర్లు, మోటారు విడిభాగాలు అమ్మే ఆ వీధిలో, వాటిని కొనడానికి వచ్చే ఎలక్ట్రీషియన్ల సంభాషణలో ‘కరెంటు’ అన్న గంపగుత్త మాట ఆశ్చర్యకరంగా తక్కువ పని చేస్తుంది. ఫేజు, న్యూట్రల్, ఎర్తు, లోడు అన్నవి వారి మాటలు, దేని క్రియ దానిదే. ఫేజు వస్తుంది. న్యూట్రల్ తెగుతుంది. లోడు పడుతుంది. వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుందని బోరుబావి మోటార్లు బాగుచేసేవారు చెబుతారు. భారం మీద నడుస్తున్న ఇండక్షన్ మోటారు విషయంలో అది అక్షరాలా నిజం. ఒకటి పడిపోతుంది, మరొకటి పెరుగుతుంది. ఈ రెండు రాశులను ఒకే వాక్యంలో వేరువేరు క్రియలతో పట్టుకున్న ఆ మాట, వోల్టేజినీ కరెంటునూ పర్యాయపదాలుగా రాసే పట్టభద్రుడి జవాబుకంటె భౌతికశాస్త్రానికి దగ్గరగా ఉంది.

వారి అనుభవంలోని మరొక సంగతి పొటెన్షియల్ భేదం పాఠానికి సిద్ధంగా ఉన్న ఉదాహరణ. ఒక ఇంట్లో దీపాలు ఆరిపోయాయి, స్విచ్చులు మాత్రం వేసే ఉన్నాయి. ప్లగ్గు ఒక రంధ్రంలో టెస్టర్ పెడితే వెలిగింది. రెండో రంధ్రంలో పెట్టినా వెలిగింది. ఇంటివారు అనుకునేది ఒకటే: రెండు వైపులా కరెంటు ఉంటే దీపం ఎందుకు వెలగదు? నిజానికి రెట్టింపు వెలగాలి కదా? ఎలక్ట్రీషియన్ ఒక్క మాటలో తేలుస్తాడు: రెండింట్లోనూ ఫేజే వస్తోంది, న్యూట్రల్ తెగింది. తిరుగుదారి తెగడంతో, స్విచ్చు వేసి ఉన్న దీపం ద్వారా అవతలి తీగ కూడా ఫేజు పొటెన్షియల్‌కే చేరింది. రెండు చోట్లా పొటెన్షియల్ ఎక్కువే, రెంటికీ మధ్య భేదం లేదు, అందువల్ల దీపం గుండా ప్రవాహం లేదు. నేలకూ తీగకూ మధ్య భేదం ఉంది కనుక ముట్టుకుంటే ప్రమాదం మాత్రం అలాగే ఉంది. మధ్య, గుండా అన్న రెండు మాటలు లేకుండా దీన్ని వివరించడం అసాధ్యం. గృహ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో దిశ మార్చుకునే ఏకాంతర ప్రవాహం కావడం వల్ల ఈ వివరణ మారదు.

‘షార్ట్ సర్క్యూట్’ అనే మాటను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో దుకాణాలు తగలబడినప్పుడు తొలి వార్తల్లో ఆ మాట మారుమోగింది. మన పత్రికల్లో అగ్నిప్రమాదానికి అది దాదాపు ఊతపదం. దాన్ని ‘షార్టేజి’కి చుట్టంగా విని కరెంటు తక్కువై మంట పుట్టిందనుకునేవారికి, జరిగేది సరిగ్గా తలకిందులని ఎవరు చెప్పాలి? రెండు తీగల మధ్య నిరోధం దాదాపు లేని దారి ఏర్పడి, దాని గుండా ప్రవాహం విపరీతంగా పెరిగి, తీగ వేడెక్కుతుంది. మళ్ళీ అవే రెండు మాటలు.

పొరుగువారి పరాయితనం

ఈ వాదానికి నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాన్ని ఎంచుకోవడంలో ఉద్దేశం ఉంది. ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం, విద్యాభవన్, నాంపల్లిలో ఉంది. పదవ తరగతి పరీక్షలు నడిపే ప్రభుత్వ పరీక్షల కార్యాలయం చాపెల్ రోడ్డులో ఉంది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టి పెరిగింది. ఎగ్జిబిషన్ మైదానాన్ని ఆనుకుని కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఉన్నాయి. ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పాత భౌతికశాస్త్ర పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. ఇవన్నీ ఒకదాని నుంచి మరొకటి నడిచిపోగల దూరంలో ఉన్నాయి. ప్రశ్న అడిగే సంస్థ, భాషను అధ్యయనం చేసే సంస్థ, విద్యుత్తు నేర్పే సంస్థ, విద్యుత్తుతో బతికే వీధి ఇంత దగ్గరగా ఉండి ఇంతగా మాట్లాడుకోకపోవడం మన విద్యావ్యవస్థకు సరైన పటం. ‘నిర్వచించండి’ అని అడిగితే ‘అంటారు’ అని రాసే పరీక్ష ఈ కూడలిలోనే తయారవుతోంది. ఆ రెండు మాటల మధ్య విద్యార్థి ఏమీ ఆలోచించకపోయినా మార్కులు పూర్తిగా వస్తాయి.

ఇదే పరిసరాల్లో, గన్‌ఫౌండ్రీలో, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని చెప్పడానికి మనం తరచు ఉస్మానియానూ 1917 నాటి దారుల్ తర్జుమానూ ఉదాహరిస్తాం. విద్యుత్ ప్రవాహానికి ‘బర్కీ రౌ’ వంటి ఉర్దూ పరిభాషను స్థిరపరచి దశాబ్దాల పాటు బోధించిన ఆ కృషి అసామాన్యమైనదే. కానీ తెలుగు జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థికి ఉర్దూ మాతృభాష కాదన్న సంగతిని ఉదాహరించేటప్పుడు మరచిపోతాం. 1948 తర్వాత ఆంగ్లం రాగానే ఆ పరిభాష తరగతి నుంచి తప్పుకుంది. అధ్యాపకుడు రోజూ మాట్లాడుతున్నంతకాలమే పరిభాష బతుకుతుందని ఆ చరిత్ర చెబుతోంది. దాన్ని మాతృభాషావాదానికి విజయస్తంభంగా నిలపడం చరిత్రకు న్యాయం కాదు.

‘ఇది మన రంగం కాదు’ అనే అభ్యంతరం గిడుగు రామమూర్తి పేరు మీద ఏటా ఆగస్టు 29న సభలు జరిపే శాఖల నుంచి రావడం వింత. వ్యావహారిక భాషోద్యమం సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా మొదలు కాలేదు. పిల్లలకు అర్థం కాని భాషలో పాఠం ఎందుకు చెప్పాలన్న తరగతిగది ప్రశ్నగా మొదలైంది. సవర పిల్లల కోసం ఆయన ఆ భాష నేర్చి వాచకాలు రాశారు. ప్రాచీన హోదా కోసం ఢిల్లీ దాకా వెళ్ళి 2008లో సాధించుకున్న మనం, భౌతికశాస్త్రం వాచకంలో భాషా పరిష్కర్తగా పిలిస్తే అచ్చుతప్పులు, సంధులు దిద్ది తిరిగి వస్తున్నాం. వాక్యంలో ‘లో’ ఉండాలా ‘మధ్య’ ఉండాలా అన్నది మనకు భాషా ప్రశ్నగా తోచడం లేదు.

ఇక ఆంగ్ల మాధ్యమం మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఆంగ్లంలోనే అన్నారు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం వచ్చింది, ఎదురెదురు పుటల్లో రెండు భాషలున్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. దీంతో విజ్ఞానశాస్త్రంలో తెలుగు పని అయిపోయిందని మనలో చాలామంది దిగులుపడ్డారు, కొందరు లోలోపల ఊరట చెందారు. రెండూ తొందరపాటే. ఆంగ్ల పుట చదివే విద్యార్థి కూడా ఇంట్లో ‘కరెంటు పోయింది’ అనే అంటాడు. అతని అపార్థం ఆ వాక్యంలో ఉంది, దానిని ఆంగ్ల పుట తాకదు. తెలుగులో ఏర్పడిన ఊహను తెలుగులోనే బయటికి తీసి, వాక్యం వాక్యంగా విడదీసి చూపాలి. ఎదురెదురు పుటలు మనకు దొరికిన అపూర్వమైన సామగ్రి. ‘అక్రాస్’ వచ్చిన ప్రతిచోటా ఎదుటి పుటలో ఏ విభక్తి వచ్చిందో, అనువాదంలో రెండో కొన ఎక్కడ జారిపోయిందో లెక్క తీయడానికి భౌతికశాస్త్రంలో పట్టా అవసరం లేదు.

పనికి నమూనా కూడా మన దగ్గరే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదకోశం, 1971లో చేనేత పదకోశం వెలువడ్డాయి. మాండలిక వృత్తి పదకోశాల ఆ సంప్రదాయం రైతు దగ్గరికీ నేతగాడి దగ్గరికీ వెళ్ళి పదం అడిగింది. విద్యుత్ పనివారి దగ్గరికి కూడా అదే పద్ధతిలో వెళ్ళాలి. ఒక్క సవరణ కావాలి: నామాలు సేకరించి ఊరుకోకుండా ప్రతి నామంతో వచ్చే క్రియలను, విభక్తులను నమోదు చేయాలి. రెండోది, వ్యక్తుల వివరాలు తొలగించిన భౌతికశాస్త్ర జవాబుపత్రాలను భాషా పరిశోధన కోసం ఇవ్వమని ఇంటర్మీడియట్ బోర్డును మన శాఖలు లిఖితపూర్వకంగా అడగాలి. కావ్యాల్లో అలంకారాలు లెక్కించే సిద్ధాంతవ్యాసాలు వందలుగా ఉన్నాయి, ఆ వరుసలో మరొకటి చేరకపోతే లోకానికి నష్టం లేదు. ఒక్క పరిశోధకుడు ‘వోల్టేజి’తో ‘లో’ ఎన్నిసార్లు, ‘మధ్య’ ఎన్నిసార్లు వచ్చిందో ఆ పత్రాల్లో చూసి, అదే విద్యార్థి బల్బుల ప్రశ్నకు ఏం రాశాడో పక్కన పెట్టి చూస్తే ఈ వ్యాసంలోని వాదం నిలుస్తుందో కూలుతుందో తేలిపోతుంది.

పదకోశంలో ఆరోపం ఎలా ఉండాలో ఒకటి సూచిస్తాను. న్యూట్రల్: నామం, విద్యుత్ పనివారి వాడుక. ‘తెగు, లూజవు, కలుపు’ అనే క్రియలతో వస్తుంది. ‘కొట్టు’ అనే క్రియతో సాధారణంగా రాదు. ‘ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య’ అన్న జంటలో స్థిరపడింది. అర్థం: వలయాన్ని పూర్తిచేసే తిరుగుదారి. ఇంటి వాడుకలోని ‘కరెంటు’కు ఈ పదంలో సమానార్థకం లేదు.